బాబా మియా హోటల్ల విరిగిన పాలు

మీ ఇంట్ల పాలు విరిగితే ఎవరిని తిడతరు? ఎండనా, గిన్నెనా, పాలు పోసినోణ్నా? సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మాత్రం ఒకప్పుడు పేపరు చదివినోణ్ని తిట్టేది.

అక్కడ బాబా మియా హోటలు పొద్దు పొడవకముందే తెరుచుకునేది. మీద రేకులు, లోపల రెండు వరుసల బల్లలు, ముందట కట్టెల పొయ్యి, పొయ్యి మీద పాల గంజు. బెజ్జంకి దిక్కు నుంచి వచ్చే మొదటి బస్సుల పాల క్యాన్లు దిగేటివి. ఆయన భార్య రబియాబీ పరదా వెనుక నుంచి చక్కెర డబ్బా అందియ్యంగ, బాబా మియా మొదటి చాయ్ వడపోసే వరకు పేపర్లు వచ్చేటివి. పేపరు విప్పి పెద్దగ చదువుడు రాజమల్లయ్య పని. ఆయన బీడీ కార్ఖానల గుమస్తా. గొంతు గుడి గంట. చదువు రానోళ్లు, కండ్లు ఆననోళ్లు, పేపరు కొన మనసు రానోళ్లు అందరూ ఆయన చుట్టు కూసునేది.

అబద్ధం చదివితే గంజుల పాలు విరిగేటివి. ఎండకాలం వస్తే బావుల నీళ్లు తగ్గినట్టు, అది గట్లనే జరిగేది. దాన్ని వింతగ చూసినోళ్లు లేరు. రాజమల్లయ్య "జిల్లాల ప్రతి ఊరికి కరెంటు వచ్చిందని మంత్రిగారు..." అని అందుకున్నడో లేదో, గంజుల తెల్లటి పలుకులు తేలేటివి.

"ఆపు మల్లన్నా, ఆపు! ఇంకో ముచ్చట జూడు!" అని బాబా మియా గంటె ఎత్తేటోడు.

"మంత్రి నోరు మూసెటందుకు నీ గంజు ఒక్కటే ఉన్నది మియా" అనేటోడు రాజమల్లయ్య. అందరూ నవ్వేటోళ్లు.

విరిగిన పాలు ఉత్తగ పారబొయ్యరు గద. చక్కెరేసి దగ్గరికి కాంచితే కలాకంద్. ఎలచ్చన్లు వచ్చినయంటే సిద్దిపేటల కలాకంద్ చౌక. వర్గల్ సరస్వతమ్మ దగ్గరికి పోయేటోళ్లు సుత బస్సు దిగి పొట్లం కట్టించుకొని పోయేది. చీరల దుకాణాల ప్రకటనలు మాత్రం పైకి చదువొద్దని మొదటి నుంచే కట్టడి. రోజూ కలాకంద్ ఎవరు తింటరు?

ఆ రోజుల్ల ఊరు పాలను నమ్మింది. ఎవరి పార్టీ వాళ్లదే అయినా గంజు అందరిది.

తర్వాత మున్సిపాలిటీ ఎలచ్చన్లు వచ్చినయి. చైర్మన్ కుర్చీకి ఒక దిక్కు దామోదర్, ఒక దిక్కు భూపతి. ఇద్దరూ భూములున్న ఇండ్ల నుంచి వచ్చి, రైసుమిల్లులు పెట్టి, కాంట్రాక్టులు పట్టి పైకొచ్చినోళ్లే. ఒకరింట్ల పెండ్లి బంతిల ఒకరు కూసుండి తిన్నోళ్లే. వాళ్లు తిన్నరు, వాళ్ల మనుషులు మాత్రం ఒకరి గల్లీల ఒకరు నడువకుంట అయిన్రు. దామోదర్ మనుషులు చదివేది పెద్ద పేపరు. భూపతి మనుషులు చదివేది పొట్టి పేపరు. సిద్దిపేట నుంచి పెద్ద పేపరుకు వార్తలు రాసి పంపేది దత్తాత్రి. పొట్టి పేపరుకు రాసి పంపేది కూడ దత్తాత్రే, వేరే పేరు పెట్టుకొని. ఇదేం రహస్యం గాదు, ఊరంతటికి ఎరుకే. ఎరుకుండే తన్నుకున్నరు!

హోటల్ల బల్లలు రెండుగ చీలినయి. పెద్ద పేపరు చదివితే పాలు విరిగినయి. ఇదివరకైతే నవ్వేటోళ్లు. ఇప్పుడు దామోదర్ మనుషులు లేచి నిలవడి, "పాలల్ల ఏం కలిపినవ్ మియా?" అన్నరు. పొట్టి పేపరు చదివితే మళ్ల విరిగినయి. "పాలు అమ్ముడుపోయినయి" అన్నరు భూపతి మనుషులు. ఒకడైతే ఆ పాలిచ్చిన బర్రె ఎవరిదో, బర్రె యజమాని ఎవరికి ఓటేస్తడో ఆరా తీసిండు. పాలకు సుత పార్టీ అంటగట్టిన్రు, చూసిన్రా! మా పేపరు తప్పు చెప్తుందేమో అన్న అనుమానం మాత్రం ఆ బల్లల మీద ఒక్కనికి రాలే.

మా గంజు మాకు, వాళ్ల గంజు వాళ్లకు అని రెండు దిక్కులోళ్లు పట్టుబడితే బాబా మియా రెండో పొయ్యి పెట్టిండు. రెండు గంజులూ విరిగినయి. కలాకంద్ కొనేటోడు లేడు. ఒకరి అబద్ధం ఒకరు ముట్టరాయె. ఆఖరికి పెయింటరును పిలిచి ఒక చెక్క బోర్డు రాయించి, పొయ్యి వెనుక గోడకు కొట్టిండు: ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు. పేపరు పైకి చదువరాదు.

గిసువంటి బోర్డులు మీరు శానా హోటళ్లల్ల చూసే ఉంటరు. ఎందుకు పెట్టిన్రని ఎన్నడన్న అడిగిన్రా?

ఊరు ఊపిరి పీల్చుకున్నది. చాయ్ చిక్కగ వచ్చేది. ఎవరి పేపరు వాళ్లు మొకానికి అడ్డం పెట్టుకొని మెల్లగ చదువుకునేది, మెల్లగనే పండ్లు నూరుకునేది. రాజకీయాలు మాట్లాడరాదని రాసిన జాగల, రాజకీయం చేసేటోని మాటనే చెల్లుతది. గా సంగతి పోచయ్య బతుకు మీదికి వచ్చెదాక ఎవ్వరికీ పట్టలే.

పోచయ్య మున్సిపాలిటీల నల్లలు ఇడిచే మనిషి. పొద్దున ఒక గల్లీకి, పొద్దుమీకి ఇంకో గల్లీకి వాల్వు తిప్పి నీళ్లు ఇడుస్తడు. ఆ ఎండకాలం పైగల్లీకి నీళ్లు బందైనయి. ఎందుకు బందైనయో పోచయ్య ముందే చెప్పిండు. మైదానంల మీటింగు స్టేజీ కోసం పాతిన గుంజ కింద పైపు పగిలింది. దామోదర్ మాట్లాడింది ఆ స్టేజీ మీదనే, భూపతి మాట్లాడింది ఆ స్టేజీ మీదనే. నీళ్లు మట్టి కిందనే ఇంకుతుంటే ఇద్దరూ పైన నిలవడి ఇంటింటికి నల్లా అన్నరు.

పైగల్లీ దామోదర్ వార్డు. భూపతి దగ్గర పైసలు తిని పోచయ్య నల్లలు ఆపిండని పెద్ద పేపరు రాసింది. జనం జాలి పడాలని దామోదరే పైసలిచ్చి తన వార్డుకు నీళ్లు ఆపించుకున్నడని పొట్టి పేపరు రాసింది. ఇచ్చినోని పేరు మారింది గాని తిన్నోని పేరు మారలే. అన్ని తీర్ల కొట్లాడుకునే రెండు పేపర్లు ఒక్క పోచయ్య మెడ కాడ కలిసినయి.

మనుషులు ఆయనను వాల్వు దగ్గరనే పట్టుకొని కొట్టిన్రు. కుడిచెయ్యి ఇరిగి దవాఖానల పడ్డడు. నౌకరి నుంచి ఆపిన్రు. శుక్రవారం సంగారెడ్డి నుంచి ఆఫీసరొచ్చి విచారణ చేస్తడన్నరు. పైపు సంగతి చెప్పెటందుకు ఒక్క సాక్షన్న రాకుంటే నౌకరి పోయినట్టే, మున్సిపాలిటీ ఇచ్చిన అర్ర ఖాళీ చేసి బయట పడ్డట్టే. పైగల్లీ మనుషులందరూ స్టేజీ కింద బురద తొక్కినోళ్లే. కాని పోచయ్య పెండ్లాం కిష్టవ్వ ఇంటింటికి తిరిగితే తలుపు చాటు నుంచి ఒక్కటే జవాబు: "పేపర్ల అచ్చయింది గదనే."

"నా మాట ఎవలు రాస్తరే?" అన్నడు పోచయ్య మంచం మీద నుంచి.

"రాసుడెందుకయ్యా, రాసిందాన్నే సదివిస్త" అన్నది కిష్టవ్వ.

గురువారం పొద్దుగాల ఆమె రెండు పేపర్లు పట్టుకొని బాబా మియా హోటలుకు వచ్చింది. మొగని పేరు ఏ మూలకున్నదో దవాఖాన కాంపౌండరు వేలు పెట్టి చూపితే, మరిచిపోకుంట తన నొసటి కుంకుమ తీసి ఆ జాగల అద్దుకొచ్చింది. ఆడోళ్లు ఆ బల్లల నడుమకు వచ్చే రివాజు లేదు. అందరూ తలలెత్తి చూసిన్రు.

"అన్నలాలా, నాకు సదువు రాదు. గీ ముచ్చట జర పెద్దగ సదివి ఇనిపియ్యిన్రి. గీ పాల కాడ నిలవడి."

కిష్టవ్వ రాజమల్లయ్య దిక్కు తిరిగింది.

"మల్లన్నా, గొంతంటే నీదే గద. సదువే."

రాజమల్లయ్య గొంతు సవరించుకున్నడు. "జలుబు జేసింది కిష్టవ్వా."

"దత్తాత్రి సారూ, రాసింది నువ్వేనట గద. నీ రాత నువ్వు సదువు."

"కండ్లద్దాలు ఇంటికాడ మరిచిపోయిన" అన్నడు దత్తాత్రి. అద్దాలు ఆయన నెత్తి మీదనే ఉన్నయి.

ఎడమ బల్ల మీదోడు ఒకడు గోడ దిక్కు చెయ్యి చూపిండు. "బోర్డు చూడలేవా అక్కా? పైకి చదువుడు మనా ఉన్నది."

"బోర్డు సదువస్తే పేపరే సదువుకుంటుంటి గద తమ్మీ!"

నవ్వు రావాల్సిన మాట. ఎవ్వరూ నవ్వలే. కిష్టవ్వ ఒక్కొక్కరి మొకం చూసుకుంట తిరిగింది. చూసిన ప్రతి మొకం గ్లాసుకు వంగింది.

"మీకు ఎరుకే" అన్నది. "సదివితే పాలు ఇరుగుతయని మీకందరికి ఎరుకే. ఎరుకుండబట్టే నోరు ఇప్పుతలేరు. నా మొగడు నిజంగ పైసలు తిన్నడని మీకు నమ్మకముంటే ఈపాటికి పోటీలు వడి సదువుదురు."

బాబా మియా గంజుల దిక్కు చూసిండు. రెండిట్ల నిండుగ పాలు. ఆ దినం బతుకంత గవే. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు చదువరాదు. లేచి గోడ మీది బోర్డు పట్టి గుంజిండు. మేకులు కిర్రుమన్నయి.

"దీని రంగు ఆరకముందే రబియా అన్నది" అన్నడు, ఎవరితోనన్నట్టు కాకుంట. "పాలను కాపాడుకుందమని మనుషుల నోర్లకు తాళమేసినవని." బోర్డును మోకాలికి పెట్టి విరిచి, ఒక చెక్క ఒక పొయ్యిల, ఇంకో చెక్క ఇంకో పొయ్యిల పెట్టిండు. "జోహ్రా! బేటీ, ఇటు రా."

ఆయన బిడ్డ జోహ్రా ఇంటరు చదువుతుంది. పరదా దాటి ఎన్నడూ బల్లల నడుమకు రాని పిల్ల. "అబ్బా, రెండు గంజులు పోతయి" అన్నది భయంగ.

"పోనీ బేటీ. చదువు."

జోహ్రా పెద్ద పేపరు తీసుకొని కుంకుమ అద్దిన జాగ వెతుక్కున్నది. మొదలు మెల్లగ అందుకున్నది. పోచయ్య పేరు వచ్చెవరకు గొంతు లేచింది. వార్త సగం గాకముందే దామోదర్ మనుషుల దిక్కున్న కుడి గంజు విరిగింది.

"జూసిన్రా! మేం చెప్పలే!" భూపతి మనుషులు బల్ల చరిచిన్రు.

"ఆగున్రి" అన్నది జోహ్రా. "ఇప్పుడు మీది."

పొట్టి పేపరు చదివింది. భూపతి మనుషుల దిక్కున్న ఎడమ గంజు విరిగింది. బల్ల చరిచిన చేతులు బల్ల మీదనే ఉండిపోయినయి.

కిష్టవ్వ కండ్లు తుడుచుకోలే. "అన్నా, పేపర్ల రాని ముచ్చట నోటితోని చెప్తే నడుస్తదా?"

"ఎందుకు నడువది చెల్లె" అన్నడు బాబా మియా. కాని పాలేవి? అప్పుడు పరదా కదిలింది. రబియాబీ ఇంట్లకని దాచిన చిన్న గిన్నెతోని వచ్చి, విరిగిన గంజు ఒకటి దింపి, బోర్డు చెక్క మండే ఆ పొయ్యి మీద పెట్టింది. "చెప్పు అక్కా."

కిష్టవ్వ పాల దిక్కు చూసుకుంటనే చెప్పింది. "నా మొగడు ఎవలి కాడ పైస తినలే. గుంజ కింద పైపు పలిగింది. స్టేజీ జరుపున్రి, అతుకేస్త అని దామోదర్ పటేల్ ఇంటికి పోయి చెప్పిండు, భూపతి పటేల్ ఇంటికి పోయి చెప్పిండు. మీటింగు ఉన్నది పొమ్మన్నరు. గంతే నా ముచ్చట."

గిన్నెల పాలు కదిలినయి. అంచుకు నురుగొచ్చింది. కొత్తింట్ల పొంగినట్టు పొంగి, గిన్నె దాటి, నిప్పుల మీద చుయ్యిమన్నయి.

మిగిలిన పాలతోని రబియాబీ చాయ్ పెట్టి అందరికి తలా గుక్కెడు పోసింది. రాజమల్లయ్య తాగి గ్లాసు కింద పెట్టిండు.

"జలుబు తగ్గింది కిష్టవ్వా. రేపు విచారణకు నేనొస్త."

విరిగిన రెండు గంజుల పాలు కాంచి బాబా మియా పోచయ్యకని పొట్లం కట్టబోతే కిష్టవ్వ వద్దన్నది. "నీ మీద కోపం లేదన్నా. ఆయన మీద ఆడిన అబద్ధం, ఎంత చక్కెరేసినా మాకు గొంతు దిగది."

శుక్రవారం రాజమల్లయ్య ఒక్కడే పోతడనుకున్నరు. మున్సిపాలిటీ మెట్ల కాడ పైగల్లీ మనుషులు నలుగురైదుగురు నిలవడి ఉన్నరు. ఒక బల్ల మీదోళ్లున్నరు, ఇంకో బల్ల మీదోళ్లున్నరు, ఒకరి మొకం ఒకరు చూడకుంట. దత్తాత్రి రాలే. ఆఫీసరు వాళ్ల మాట విని స్టేజీ గుంజ పీకించిండు. గడ్డపార దిగంగనే బురద, బురద వెనుక నీళ్లు. పోచయ్య నౌకరి నిలవడ్డది.

చెయ్యి మాత్రం సక్కగ కాలే. నౌకరి దిగిపోయెదాక ఆయన ఎడమ చేత్తోనే వాల్వు తిప్పిండు. కొట్టినోళ్లెవరని ఎవ్వరూ అడుగలే. ఇంటింటికి నల్లా అన్నోళ్లు గుంజ ఎవరిదని అడుగనియ్యలే. విచారణ వార్త పెద్ద పేపర్ల రాలే, పొట్టి పేపర్ల రాలే. మనిషిని ముంచెటందుకు దొరికిన జాగ, తేల్చెటందుకు దొరకలేదట! ఎలచ్చన్లల్ల ఇద్దరిల ఒకరు గెలిచిన్రు. గెలిచినోని ఇంట్ల దావతుకు ఓడినోడు పోయి తిని వచ్చిండు. వాళ్ల కోసం తలలు పగులగొట్టుకున్నోళ్లు మాత్రం ఇంకా మాట్లాడుకుంటలేరు.

బాబా మియా హోటల్ల పొయ్యి వెనుక గోడకు రెండు మేకుల పొక్కలు మిగిలినయి. వాటి కింద నిలవడి పొద్దుగాల జోహ్రా పేపరు చదివేది. కలాకంద్ మళ్ల చౌకైంది.

గసువంటి బోర్డు మీ గోడకు లేకపోవచ్చు, మీ నోటికి ఉన్నదేమో చూసుకోన్రి. చూసుకొని ఒక్క పని చెయ్యున్రి. రేపు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, పేపరు విప్పి, ఇల్లంతా వినేటట్టు గొంతెత్తి చదువున్రి. ఎదుటోళ్ల పేపరు గాదు. అది విరుగుతదని మీకు ముందే తెలుసు, విరిగితే మీకు సంబురం గూడ. మీ పేపరు చదువున్రి. మీరు నమ్మిందే ముందుగాల చదువున్రి. పాలు పోతే పోనియ్యిన్రి.