దువ్వెనకు తగిలింది

వరద మా వంతెనను, హద్దూ అనే ఆయన తిరగలి మిల్లును, మూడు అక్రోటు చెట్లను ఎత్తుకుపోయింది చూడండి, ఆ తర్వాత రెండో శీతాకాలంలో జరిగింది ఇది. మా ఐత్ వసీఫ్‌లో ఏళ్లను అలాగే లెక్కపెడతాం. అంకెల్లో అది ఏ సంవత్సరమో పంతులమ్మకు తెలుసు.

అప్పుడు నేను బడి కాపలావాణ్ణి. బడి అంటే ఒకటే గది. తలుపు తీయడం, ఊడవడం, పొయ్యిలో కట్టెలు పెట్టడం, మేకలు లోపలికి రాకుండా చూడడం నా పని. పంతులమ్మ పేరు వసీలా. సముద్రం ఒడ్డున ఉన్న సలే పట్నం నుంచి వచ్చింది. ఇరవై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. ఆ శీతాకాలం ఆమెకు ఒక చెక్కపెట్టె వచ్చింది. ఏటి అవతలి దాకా లారీలో, అక్కడి నుంచి నా కంచరగాడిద మీద. పెట్టెలో వేరే వేరే దేశాల పాత కథల పుస్తకాలు పదకొండు ఉన్నాయి. రోజూ పొద్దున పది గంటలకు పిల్లలకు ఒక కథ చదివి వినిపించాలని పైనుంచి వచ్చిన ఉత్తరంలో ఉంది.

ఆమె మొదటి కథ చదివిన రోజు మధ్యాహ్నానికల్లా తొమ్మిది మంది ఆడవాళ్లు బడికి వచ్చారు. అందరికంటే ముందు మా అక్క ఇజ్జా. పోట్లాడడానికి రాలేదు, జాలిపడి వచ్చారు. మా వైపు కథను రాత్రే చెప్పాలి. పగలు చెబితే చెప్పినవాళ్ల పిల్లలకు తల బోడి అవుతుంది. ఇది మా ఊళ్లో మేకలక్కూడా తెలుసు. సలేలో ఏం నేర్పుతారో మాకు తెలియదు.

"నీకింకా పిల్లల్లేరు కాబట్టి నీకు తట్టలేదమ్మాయ్" అంది ఇజ్జా. "రేపు బోడి గుండుతో ఆడపిల్ల పుడితే దాన్ని ఎవడు చేసుకుంటాడు?"

పంతులమ్మ మర్యాదగానే మాట్లాడింది. దీనికి రుజువేమైనా ఉందా అని అడిగింది. ఇజ్జా నన్ను పిలిచి టోపీ తియ్యమంది. తీశాను.

నాకు ఆరేళ్లప్పుడు, బార్లీ కోతల్లో, మిట్టమధ్యాహ్నం మా అమ్మ నాకు ఒక కథ చెప్పింది. నేను ఏడుపు ఆపకపోతే చెప్పింది. గట్టు మీద నుంచి నాయనమ్మ చూసి ఒక కేక వేసింది. అమ్మ కథను సగంలో ఆపేసింది. శీతాకాలం వచ్చేసరికి నా తల మీద జుట్టు లేదు. ఆ ఏడు ఊళ్లో పిల్లలకు తలలో తామర వచ్చిన మాట నిజమే. ఇంకో నలుగురికి కూడా రాలింది. వాళ్లకు మళ్లీ మొలిచింది, నాకు మొలవలేదు. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఏ పిల్లైనా పగలు కథ కావాలని మారాం చేస్తే నా దగ్గరికి తీసుకొస్తారు. నేను టోపీ తీస్తాను. పిల్ల వెళ్లిపోతుంది.

పంతులమ్మ నా తలను చాలాసేపు చూసింది. మర్నాడు ఒక నారింజపండు, దీపం తీసుకుని మసీదు గురువు హమ్మాడీ ఇంటికి వెళ్లింది. దీపం మోసింది నేనే. పండుకు రెండు చోట్ల గుండుసూదులు గుచ్చి, ఇది మన ఊరు, ఇది జపాన్ అంది. మనకు పొద్దున పది అయినప్పుడు అక్కడ చీకటి పడి ఉంటుందని పండు తిప్పి చూపించింది. గురువు పండును తన చేతిలోకి తీసుకుని ఇటూ అటూ చాలాసార్లు తిప్పాడు. తర్వాత తీర్పు చెప్పాడు. కథ ఏ దేశానిదైతే ఆ దేశపు రాత్రే లెక్క. సూదులు తీసేసి ముగ్గురం పండు తిన్నాం.

ఆ లెక్కన పదకొండు పుస్తకాల్లో అయిదే మిగిలాయి. జపాన్, న్యూజిలాండ్, అలాస్కా, హవాయి, పెరూ. పెరూలో ఇంకాసేపట్లో తెల్లారుతుంది కనుక ఆ కథలను పంతులమ్మ గబగబా చదివేది. ఫ్రాన్స్, టర్కీ లాంటివి పెట్టె అడుగునే ఉండిపోయాయి. పొద్దున్నే ఈ రోజు ఎక్కడ రాత్రి అని పిల్లలు అడిగేవాళ్లు.

నేను బడి కిటికీ కింద ఊడ్చేవాణ్ణి. కథ ఎంతసేపైతే అంతసేపు ఊడ్చేవాణ్ణి. శీతాకాలం సగమయ్యేసరికి అక్కడ గుంట పడింది. ఊళ్లో రాత్రి కథలు నాకు కొత్తవని కాదు. ఇజ్జా మొదలుపెట్టిన మూడో మాటకు నాకు నిద్ర వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. నలభై కథల మొదళ్లు నాకు తెలుసు. పగటిపూట మెలకువగా ఉండి, చివరిదాకా వింటున్నది ఇప్పుడే. ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

చలి తగ్గుతుండగా రెండో ఉత్తరం వచ్చింది. బుధవారం పొద్దున పది గంటలకు ఒక అధికారి వస్తాడు. ఊరివాళ్లు ఎవరైనా తమ ఊరి కథ ఒకటి తరగతిలో పిల్లలకు చెప్పాలి. ఆయన రాసుకుంటాడు. అది మిగతా దేశాల పిల్లలకు వెళ్తుంది. ఇవ్వడానికి కథ లేని ఊరికి పెట్టె ఉంచరు. దాన్ని దిగువన ఉన్న ఇఘిర్ అనే ఊరికి పంపిస్తారు.

"ఇఘిర్ వాళ్లకు కథలెక్కడివి? అబద్ధాలుంటాయి గానీ" అంది ఇజ్జా. అయినా చెప్పనంది. ఆమెకు ఏడుగురు మనవలు, మనవరాళ్లు. ఏడుగురికీ ఒత్తైన జుట్టు.

పంతులమ్మ ఆ తొమ్మిది మంది ఆడవాళ్ల ఇళ్లకూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ బార్లీ రొట్టె, నూనె పెట్టి, అధికారిని చీకటి పడ్డాక తీసుకురమ్మన్నారు. చీకటి పడేదాకా ఆయన ఉండలేడు. వంతెన లేదు కదా, ఏరు దాటాలంటే వెలుగు ఉండాలి. కిటికీలకు గొంగళ్లు కట్టి గది చీకటి చేస్తానంది పంతులమ్మ. కోడిని మోసం చేయొచ్చు గానీ సూర్యుణ్ణి చేయలేం అంది ఇజ్జా. పోనీ పిల్లల చేతనే చెప్పిస్తానంది పంతులమ్మ. వాళ్లకు మాత్రం రేపు పిల్లలు పుట్టరా అంది ఇజ్జా. చివరికి అందరూ గురువు దగ్గరికి వెళ్లారు. కథ ఏ దేశానిదైతే ఆ దేశపు రాత్రే లెక్క అని తాను ముందే చెప్పాడు. మా కథకు మా ఊళ్లో అప్పుడు పగలు. ఆయన గడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

"పిల్లలు లేనివాళ్లు, ఇకమీదట పుట్టనివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పొచ్చు" అన్నాడు. "వాళ్లకే జుట్టు కూడా లేకపోతే మరీ మంచిది."

అందరూ నా వైపు తిరిగారు. నా భార్య పోయి పదకొండేళ్లు. పిల్లలు లేరు.

"నాకు ఏ కథా చివరిదాకా రాదు" అన్నాను.

"ఈ ఏడాదికి వీడు మాట్లాడాల్సింది అయిపోయింది" అంది ఇజ్జా. "వీడి చేతా కథ చెప్పించేది?"

పంతులమ్మ లేచింది. పెట్టె మూత మూసి, తాడు ఎక్కడ ఉందని నన్ను అడిగింది. పెట్టె పోతే పది గంటలకు ఆ గదిలో లెక్కలు చెబుతారు. నేను కిటికీ కింద ఊడుస్తూ ఏడో ఎక్కం వింటాను. తాడు కనబడలేదని చెప్పాను. తాడు నా భుజం మీదే ఉంది. బుధవారం నేను చెబుతానన్నాను.

నలభై మొదళ్లలో దేన్ని చెప్పాలని రెండు రోజులు ఆలోచించాను. అన్నింటికంటే ఎక్కువ దూరం తెలిసింది ఒక్కటే. అమ్మ బార్లీ చేలో చెప్పింది. సగం దాకా మెలకువగా విన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆ కథను రాత్రయినా, పగలైనా ఎవరూ ఎత్తలేదు. దాన్ని మొత్తం అంతకుముందే విన్నది ఇజ్జా ఒక్కతే. నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు పిల్లలకు సగం చాలనుకున్నాను.

బుధవారం అధికారి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చాం. గురువు కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కిటికీ బయట ఇజ్జా నిలబడింది. ఎందుకు వచ్చావంటే మధ్యలో నేను నిద్రపోతే లేపడానికట. చేతిలో నా చీపురు ఉంది.

నేను టోపీ తీసి చెప్పడం మొదలుపెట్టాను.

"నేను చూడలేదు. మా అమ్మా చూడలేదు. చూసినవాళ్లు తిరిగి రాలేదు" అన్నాను. "ఒక ముండమోపికి ఒక కూతురు, ఒక తిరగలి ఉండేవి. కొండ మీది రాక్షసి వచ్చి తిరగలి పై రాయి అరువడిగింది. ఇవ్వకపోతే ఊరుకోదు కాబట్టి ఇచ్చింది. పది రోజులైనా రాయి తిరిగి రాలేదు. ఇంట్లో పిండి అయిపోయింది. కూతురు రాయి తెచ్చుకోవడానికి కొండెక్కింది. ఇస్తాను, ముందు నా తల దువ్వు అంది రాక్షసి. జుట్టు ఏడు గొర్రెల బొచ్చంత ఉంది. పిల్ల తన దువ్వెన తీసి దువ్వుతూ ఉంది. దువ్వుతూ ఉండగా దువ్వెనకు గట్టిగా ఏదో తగిలింది."

అక్కడ ఆపాను.

పిల్లలు చూస్తున్నారు. అధికారి కలం ఆగింది. "తర్వాత?" అన్నాడు.

"మా అమ్మ ఇంతే చెప్పింది" అన్నాను.

అధికారి పంతులమ్మ వైపు చూశాడు. సగం కథను కథగా పంపడానికి వీల్లేదన్నాడు. పుస్తకం మూయబోయాడు. అప్పుడు మొదటి వరసలో ఒక పిల్ల, తగిలింది తాళంచెవి అంది. ఇంకో కథలో అలాగే ఉందంది.

"కాదు" అంది కిటికీ.

అందరూ అటు తిరిగారు. ఇజ్జా చేత్తో నోరు మూసుకుంది. గురువు కళ్లు మూసి కాసేపు ఆలోచించాడు.

"కాదు అనడం కథ చెప్పడం కాదు" అన్నాడు.

పిల్లలకు అది చాలు. ముత్యం అన్నారు. కాదు. ఎముక అన్నారు. కాదు. హవాయి కథలోలా తాబేలు చిప్ప అన్నారు. మన కొండల్లో తాబేలు చిప్ప ఎక్కడిదే అంది ఇజ్జా, తర్వాత కాదు అంది. పక్షి గూడు, పన్ను, రాజుగారి ఉంగరం. కాదు, కాదు, కాదు. పంతులమ్మ కూడా ఒకటి చెప్పింది. గుండుసూది అంది. కాదు. అరవై ఏళ్లుగా నేను అనుకుంటున్నది బార్లీ గింజ. అది నేనే పైకి అన్నాను.

"నువ్వు ఊరుకో" అంది ఇజ్జా. "కాదు."

ఇజ్జా మనవరాలు తూదాకు ఎనిమిదేళ్లు. అప్పటిదాకా మాట్లాడలేదు. లేచి నిలబడింది.

"ఇంకో దువ్వెన" అంది. "అంతకుముందు దువ్విన పిల్లది."

కిటికీ నుంచి ఏమీ రాలేదు.

అందరం కిటికీ వైపు చూశాం. ఇజ్జా చీపురు వైపు చూస్తోంది. కాదు అనలేదు. ఎంతసేపు చూసినా అనలేదు. అంతకుముందు వెళ్లిన పిల్ల దువ్వెన అది, ఆ పిల్ల తిరిగి రాలేదు. ఆ సంగతి ఒక్కొక్కరికే అర్థమైంది. చిన్నపిల్లలు పెద్దపిల్లల దగ్గరికి జరిగారు. అధికారి రాసుకున్నాడు.

మిగతాది అలాగే నడిచింది. పిల్ల పారిపోయిందా అంటే, కాదు. ఏడ్చిందా అంటే, కాదు. ఏమీ తెలియనట్టు దువ్వుతూ రాక్షసిని నిద్రపుచ్చిందా అని తూదా అడిగితే మళ్లీ నిశ్శబ్దం. రాయి తీసుకుందా? నిశ్శబ్దం. రెండు దువ్వెనలూ తీసుకుందా? ఇజ్జా ముక్కు తుడుచుకుంది. ఆ రెండో దువ్వెన తిరిగి రాని పిల్ల అమ్మకు ఇచ్చిందా అంటే చాలాసేపు ఏమీ అనలేదు. కథ అయిపోయింది.

అధికారి తాను రాసుకున్నది మొదటి నుంచీ చదువుకున్నాడు. పెట్టె వచ్చే శీతాకాలం దాకా ఇక్కడే ఉంటుందన్నాడు. లేచాక గురువును పక్కకు పిలిచాడు. తనకు ఇద్దరు కూతుళ్లున్నారని, పగలు కథ రాసుకుంటే ఏమైనా అవుతుందా అని మెల్లగా అడిగాడు. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదన్నాడు గురువు. ఇజ్జా లోపలికి వచ్చి, కాగితం పైన ఒక మాట రాయమంది.

"రాత్రి మాత్రమే చదవాలి అని రాయి నాయనా. ఎవరి రాత్రి వాళ్లది."

ఆయన రాశాడు. ఏరు దాటడానికి ఇంకా వెలుగు ఉంది. నేను కంచరగాడిద మీద దాటించి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి ఇజ్జా ఇంటి గడపలో కూర్చుని ఉంది. తాను నోరే విప్పలేదు కదా అని నన్ను అడిగింది. విప్పలేదన్నాను. విప్పలేదు కదా అని గురువును కూడా అడిగిందట, పంతులమ్మను కూడా అడిగిందట. ఆ రోజు ఇంట్లో రొట్టె మాడిపోయిందని తూదా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే నేను పంతులమ్మ దగ్గరికి వెళ్లి దువ్వెన అడిగాను. నాకు సొంతంగా దువ్వెన లేదు. ఆమె నా తల వైపు చూసి ఇచ్చింది. ఇజ్జా ఇంటికి వెళ్లాను. ఏడుగురినీ వాకిట్లో ఎండలో వరసగా కూర్చోబెట్టింది. తాను దగ్గరికి రాలేదు, గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఒక్కొక్కరి తలా దువ్వాను. పాయలు తీసి కుదుళ్ల దాకా చూశాను. తూదా తల ఆఖరున చూశాను. ఏడు తలల్లోనూ దువ్వెనకు ఏమీ తగల్లేదు. దువ్వెనకు ఏమీ అంటుకుని రాలేదు కూడా.

"జుట్టు ఉంది" అన్నాను.

రేపు కూడా వచ్చి చూడమంది ఇజ్జా, గోడ వైపు నుంచే.

దువ్వెన పంతులమ్మకు తిరిగి ఇచ్చి, బడి తలుపు తీసి, పొయ్యి రాజేసి, చీపురు పట్టుకుని కిటికీ కిందికి వెళ్లాను. ఆ రోజు న్యూజిలాండ్‌లో రాత్రి.