క్లచ్చికి కందెన

పేరయ్య రోజూ పొద్దున్నే ముందు సింగన్నకు కుడితి పెట్టి, ఆ తర్వాతే కారు తుడిచేవాడు. సింగన్న ఎద్దు. పుట్టినప్పటినుంచీ దాని ఊపిరి చల్లగానే ఉండేది. ఎండాకాలం వస్తే వీధిలో ఆడవాళ్లు నీళ్లబిందెలు తెచ్చి దాని గాడి ముందు పెట్టి, అవి చల్లబడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లు. మజ్జిగ ముంతకు మాత్రం మూత వేసేవాళ్లు. సింగన్నకు మజ్జిగంటే ఆశ.

పేరయ్య యజమాని అంకమ్మరావుగారికి పొగాకు వ్యాపారం కలిసొచ్చి, మద్రాసులో ఒక దొర దగ్గర పెద్ద సీమ కారు కొన్నారు. దాన్లో చల్లగాలి మిషను ఉంది. ఒంగోలు చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదని అడగనివాళ్లకు కూడా చెప్పేవారు. ఒంటెద్దు బండి తోలే పేరయ్యకే కారు నేర్పించి డ్రైవర్ని చేశారు. ఇక సింగన్నతో పనిలేదు, అమ్మేసి ఆ కొట్టంలో కారు పెడదామన్నారు. ఆ రోజు పేరయ్యకు అన్నం సయించలేదు.

ఈలోగా చల్లగాలి మిషను కీచుమనడం మొదలుపెట్టింది. మీట నొక్కగానే ఒక బిళ్ల టక్కున వెళ్లి, తిరిగే చక్రానికి అతుక్కోవాలి. అప్పుడే మిషను తిరుగుతుంది. ఆ బిళ్లే క్లచ్చి. పేరయ్య బండి తోలిన మనిషి. ఇరుసు కీచుమంటే ఏం చెయ్యాలో అతని చేతులకే తెలుసు. బండి కింద వేలాడే వెదురుగొట్టంలోంచి ఆముదమూ మసీ కలిపిన కందెన తీసి, బిళ్లకు ప్రేమగా పట్టించాడు. కీచుమనడం ఆగింది. చల్లగాలీ ఆగింది. కాసేపటికి కమురు వాసన వచ్చింది.

ఒంగోలునుంచి మెకానిక్కు బుడాన్ వచ్చి చూసి పగలబడి నవ్వాడు.

"దీనికి తలంటింది ఎవరు బాబాయ్?"

"నేనేరా. అరుస్తుంటే చూడలేకపోయా."

"ఇది పొడిగా ఉంటేనే పట్టు. జారీ జారీ మాడిపోయింది. కొత్తది మద్రాసునుంచి రావాలి."

అంకమ్మరావుగారు కస్సుమన్నారు. ఆయన తల్లి వెంకటేశ్వరమ్మగారు మాత్రం, "ఉడికిపోయే ఆ పెట్టెలో నేనెక్కను. బండి కట్టు పేరయ్యా," అన్నారు. వేసవంతా ఆవిడ సింగరాయకొండ గుడికి బండిలోనే వెళ్లొచ్చారు. సింగన్న నడుస్తుంటే ఊపిరి వెనక్కి తగిలి, ఆవిడ చెంగు కప్పుకుని కూర్చునేవారు. క్లచ్చి రావడం ఆలస్యం కావాలని పేరయ్య అదే గుడిలో మొక్కుకున్నాడు. తన పొరపాటే ఎద్దును కాస్తోందని తలుచుకుంటే సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగేవి.

కానీ క్లచ్చి రానే వచ్చింది. అదే రోజు పశువుల బేరగాడు యలమందయ్య కొత్త పలుపు భుజాన వేసుకుని దిగాడు.

"కారు బాగవగానే తోలుకుపో," అన్నారు అంకమ్మరావుగారు.

బుడాన్ పాతది ఊడదీసి, జిడ్డు లేకుండా తుడిచి, కొత్త క్లచ్చి బిగించాడు. అయితే పాతది ఊడక మొరాయించినప్పుడు పక్కనున్న గొట్టం కూడా వదులు చేశాడు. ఇప్పుడది బుస్సుమంది. లోపలి గ్యాసంతా గాల్లో కలిసిపోయింది.

"చలవంతా పోయిందండీ. ఆ గ్యాసు ఇక్కడ దొరకదు," అని బుడాన్ తల పట్టుకున్నాడు.

పక్కనే గుంజకు కట్టి ఉన్న సింగన్న మెడ చాచి గొట్టం వాసన చూసింది. ఇదే చివరిసారేమోనని పేరయ్య దాని గంగడోలు నిమిరాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గంగడోలు నిమిరితే సింగన్నకు నిట్టూర్చే అలవాటు. మూతి గొట్టానికి ఆనించి పొడుగ్గా ఊపిరి వదిలింది. గొట్టం మీద మంచు పేరుకుంది.

"ఇంకోసారి నిమురు బాబాయ్," అని బుడాన్, నిండగానే గొట్టం బిగించేశాడు.

మీట నొక్కితే టక్కుమంది. పచ్చగడ్డి వాసనతో చల్లగాలి వచ్చింది. వెంకటేశ్వరమ్మగారు వెనకసీట్లో కూర్చుని చెంగు కప్పుకున్నారు.

"ఇది ఎన్నాళ్లుంటుందిరా?" అనడిగారు అంకమ్మరావుగారు.

"గ్యాసైతే ఏళ్లూ పూళ్లూ. ఊపిరి కదండీ, వారం వారం పట్టాలి."

అంకమ్మరావుగారు తనే వెళ్లి గంగడోలు నిమిరి చూశారు. సింగన్న తల విదిలిస్తే ఆయన కళ్లజోడు గడ్డిలో పడింది. ఆయన దాన్ని వెతుక్కుని, తుడుచుకుని పెట్టుకున్నారు.

"యలమందయ్యా, నీ పలుపు నువ్వు తీసుకుపో. కారు వేపచెట్టు కింద ఉంటుందిలే."

పేరయ్య కారును తోలుకెళ్లి వేపచెట్టు కింద నిలబెట్టాడు. తిరిగొచ్చి, వెదురుగొట్టం అందుకుని, బండి ఇరుసుకు కందెన పెట్టాడు.