ఖాళీ గుండ్రం

"రజిని ఎంతసేపు పనుకునింది?"

తెల్లారి లేస్తూనే సారమ్మ కోడలిని అడిగే మొదటి మాట ఇదే. పన్నెండేళ్ళుగా ఇదే. నీ తలనొప్పి తగ్గిందా అని కాదు, కాఫీ తాగినావా అని కాదు. "నాలుగు గంటలత్తా" అంటుంది సలోమి, పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి. దారానికి కట్టిన పెన్సిలు అందుకుని, వంటింటి గోడకు వేలాడే చర్చి క్యాలెండరులో ఆనాటి గడిలో 4 అని వేస్తుంది. నిద్ర తగ్గిందంటే జబ్బు తిరగబెడుతోందని గుర్తు, రోజూ రాసిపెట్టండి అని కడప డాక్టరు ఎప్పుడో చెప్పాడు. రాసే పని ఎవరిదో ఆయన చెప్పలేదు. చెప్పకుండానే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఒక మనిషి నాలుగు గంటలే నిద్రపోయిందని చెప్పాలంటే ఇంకో మనిషి మేలుకుని ఉండాలి కదా, ఆ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

రజిని సలోమి ఆడబిడ్డ. ముప్పై ఆరేళ్ళు. బైపోలార్ అంటారు దానికున్న జబ్బును. కొన్నాళ్ళు ప్రొద్దుటూరంతా తనదే అన్నట్టు తిరుగుతుంది, పాడుతుంది, పరుపు మీద వాలదు. కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకుని ముద్ద ముట్టదు. రెండోసారి జబ్బు చేసినప్పుడు సలోమి బడిలో సైన్సు టీచరు. "నువ్వు బడి మానుకో, దాన్ని ఎవరు చూస్తారు" అన్నాడు మొగుడు డేవిడ్, సైకిలు పక్కకు పెట్టు అన్నంత తేలిగ్గా. మానుకుంది. ఏడో తరగతి పిల్లలకు గుండె బొమ్మ సగం గీసి వచ్చింది. మిగతా సగం ఎవరు గీశారో తెలీదు.

చెప్పుకుంటే సిగ్గు గానీ, సలోమికి ఆడబిడ్డ అంటే ఒళ్ళంతా అసూయ. జాలి కూడా ఉంది, లేకేం. కానీ జాలి వేళకు వచ్చిపోతుంది, అసూయ ఇంట్లోనే కాపురం ఉంటుంది. క్రిస్మస్‌కు చీరలు తెస్తే ముందు రజిని ఏరుకోవాలి. డాక్టరు దగ్గరికి పోతే "ఎట్లుందమ్మా మనసు" అని రజినినే అడుగుతాడు, పక్కన ఫైలు పట్టుకుని నిలబడిన మనిషి కుర్చీతో సమానం. చివరికి దేవుడి దగ్గర కూడా అంతే. స్త్రీల సమాజంలో ప్రతి బుధవారం ప్రార్థన మనవులు చదువుతారు. "సహోదరి రజిని కొరకు" అని పన్నెండేళ్ళుగా చదువుతున్నారు. సలోమి కళ్ళు మూసుకుని ఆమేన్ అంటుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తన పేరు చదివితే ఎట్లుంటుందో అనుకుంటుంది. వెంటనే లెంపలేసుకుంటుంది.

మూడేళ్ళ కిందట రజిని అన్నం తట్ట గోడకేసి కొట్టింది. "పాపం, దాని చేతిలో ఉందా" అంది సారమ్మ. డేవిడ్ చెల్లెలి తల నిమిరాడు. పప్పు మరకలు సలోమి తుడిచింది. ఆ వారంలోనే ఒకనాడు, నడుము విరిగిపోతున్న సాయంత్రం, తను చెంబు కాస్త గట్టిగా గట్టు మీద పెట్టింది. అంతే. "ఏంది, నీకు గూడా వచ్చినాదా?" అని నవ్వాడు డేవిడ్. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, చెంబు చప్పుడుతో అడిగితే దక్కింది ఆ నవ్వే! ఆ మరుసటి రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు సలోమి ఒక పింగాణీ తట్ట పట్టుకుని గోడకెదురుగా చాలాసేపు నిలబడింది. కొట్టలేకపోయింది. భయపడి కాదు. కొడితే పెంకులు ఊడ్చాల్సింది మళ్ళీ తనే.

ఇట్లాంటి ఇంటికి ఆఫ్రీన్ వచ్చింది. బెంగుళూరులో మెదడు జబ్బుల మీద పరిశోధన చేసేచోట ఉద్యోగం ఆ పిల్లకు. ఈ జబ్బు రక్తంలో ఎట్లా దిగుతుందో, మెదడులో ఏం మారుతుందో తెలుసుకోవడానికి ఊరూరా ఇలాంటి కుటుంబాలను వెతుకుతున్నారట. సారమ్మ తమ్ముడు, పులివెందులలో ఉండే ఆనందయ్యకూ ఇదే జబ్బు కాబట్టి ఈ ఇల్లు దొరికింది. పొద్దున రైలుకు ఎర్రగుంట్లలో దిగి బస్సులో వచ్చింది. జమ్మలమడుగు పిల్ల, సలోమి పుట్టిన ఊరే. భుజానికి సంచి, చేతిలో ట్యాబు, గడియారం చూసుకుని మాట్లాడే తీరు. సలోమి ఆ ట్యాబు వంకే చూసింది. జంతుశాస్త్రంలో తనకూ మంచి మార్కులే వచ్చాయి ఒకప్పుడు.

పెద్ద కాగితం పరిచి ఆఫ్రీన్ వంశం బొమ్మ గీసింది. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం, జబ్బున్నవాళ్ళకు లోపల నల్లరంగు. రజిని గుండ్రాన్ని శ్రద్ధగా నింపింది. పక్కన, ఏ వేరుకూ అంటకుండా, డేవిడ్‌కు అడ్డగీత కలిపి ఒక ఖాళీ గుండ్రం.

"ఇది మీరక్కా."

కాగితం మీద కూడా రజినికే రంగు.

"నాది వీళ్ళ రక్తం కాదు కదా, నాతో ఏం పని?" అంది సలోమి.

"మీతోనే పనక్కా. ఇదే ఇల్లు, ఇదే తిండి, ఇవే కష్టాలు, రక్తం మాత్రం వేరే. జబ్బు లేని మీతో పోల్చి చూస్తేనే కదా రక్తంలో ఏముందో తెలిసేది! ఇంటికి నలుగురు కుదరాల. రజినక్క, పులివెందుల తాత, డేవిడన్న, మీరు. నలుగురూ కుదిరితే బెంగుళూరికి పిలిపించి మెదడు స్కాన్ తీస్తారు."

"నా తలకాయ ఫోటో నాకు ఇస్తారా?" అంది రజిని మెరిసే కళ్ళతో. సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీ పెంపకమే సరిలేదని నలుగురూ అన్న మాటలు ఆమె మోస్తోంది ఇన్నేళ్ళూ. పెంపకం కాదు, రక్తమే అని ఒక యంత్రం చెప్తే చాలు ఆమెకు.

డేవిడ్ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "సూడు, ఆ పిల్ల ఏమడిగినా లేదు అని చెప్పు. నీకేముంది, గుండ్రాయి మాదిరి ఉండావు. పది నిమిషాల పని."

గది తలుపు మూసి, మీరొక్కరే ఉండాలక్కా అంది ఆఫ్రీన్. "పోయిన నెలలో నిద్ర ఎట్లా పడుతోంది?"

"నాలుగు, ఐదు గంటలు. మాత్ర మార్చినాక కొంచెం మేలు."

"తిండి?"

"పొద్దున తినదు. రాత్రి బలవంతాన రెండు ముద్దలు."

"ఏడుపు వస్తాందా?"

"ఆదివారం ఏడ్చింది. చర్చి నుంచి వచ్చినాక."

ఆఫ్రీన్ పెన్ను ఆగింది. రాసిన మూడు జవాబులనూ మెల్లగా కొట్టేసింది. "నేను అడిగింది రజినక్క గురించి కాదు. మీ గురించి."

సలోమి లెక్క వేసుకోబోయింది. పన్నెండు క్యాలెండర్లు ఉన్నాయి ఇంట్లో, ఒక్కటీ పారేయలేదు. రజిని ఏ మార్చిలో ఏ మంగళవారం ఎంత నిద్రపోయిందో చెప్పగలదు. నిన్న తను ఎంత నిద్రపోయిందో తెలియలేదు. వేళ్ళు మడిచింది, విప్పింది. లేదు అని చెప్పు చాలు అన్నాడు డేవిడ్. లేదు అంటే సారమ్మకు బరువు దిగుతుంది, రజినికి ఫోటో వస్తుంది, తను ఎప్పటిలాగే గుండ్రాయి.

"పనుకోనమ్మా," అంది చివరికి. "మూడు గంటలుంటుందేమో. తిండి రుచి తెలిసి రెండేళ్ళయింది. ఏడుపా? అది గూడా రాదు. వస్తే బాగుండు."

ఆఫ్రీన్ రాస్తోంది. తన మాట ఒకరు రాసుకోవడం చూస్తూ సలోమి ఇంకా ఇంకా చెప్పింది. పది నిమిషాల పని గంట దాటింది. తలుపు అవతల డేవిడ్ రెండుసార్లు దగ్గాడు.

"బతుకు మీద విసుగు పుట్టి, చచ్చిపోతే మేలనిపించిందా?"

"చావాలని కాదమ్మా. రజిని అయిపోవాలనిపిచ్చింది."

ఆ మాట బయటికి వచ్చాక సలోమికి ఒళ్ళు తేలికైంది. ఆఫ్రీన్ పెన్ను పక్కన పెట్టి ఆమె చేయి పట్టుకుంది. "అక్కా, జబ్బు లేనోళ్ళలో మిమ్మల్ని రాయలేను. మీరు డాక్టరుకు చూపించుకోవాల. నేను చీటీ రాసిస్తా."

నలుగురు కుదరలేదని చెప్పి ఆఫ్రీన్ బస్సెక్కాక ఇంట్లో పెద్ద రభసే అయింది. "పరువు తీసినావు, ఒక్క మాట లేదు అంటే నీ సొమ్మేం పోయె?" అని డేవిడ్, "రక్తమని తేలిపోయేదే తల్లీ" అని సారమ్మ. అత్త మొహం చూస్తే సలోమికి బాధే అయింది, కాదనడానికి లేదు. రజిని మాత్రం గడప మీద కూర్చుని వదిననే చూస్తోంది.

"ఏమడిగినాది వదినా, అంతసేపు?" అంది. "నన్ను అరగంటే అడిగినాది."

దాని గొంతులో ఉన్నదేమిటో సలోమికి ఇట్టే తెలిసిపోయింది. ఆ రుచి తనకు తెలియనిదా! పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో తనను చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారు. పాపమో పుణ్యమో, నవ్వొచ్చింది. రజిని పక్కన కూర్చుని అడిగినవన్నీ చెప్పింది.

మరుసటి తెల్లారి పాలు పొయ్యి మీద ఉన్నాయి. డేవిడ్ ముభావంగా కాఫీ కోసం నిలబడ్డాడు. "నీకేం రోగమని డాక్టరు?" అన్నాడు.

"అది తెలుసుకుందామనే శుక్రవారం కడపకు పోతాండా. ఆ పొద్దు రజిని మాత్రలు నువ్వే ఇయ్యాల. తెల్లవి రెండు, పసుపుది ఒకటి."

సారమ్మ గుమ్మంలోకి వచ్చింది. నోటికి అలవాటైన మాట కదా, దానంతట అదే వచ్చేసింది.

"రజిని ఎంతసేపు పనుకునింది?"

సలోమి పెన్సిలు అందుకుంది. ఆనాటి గడిలో 3 అని వేసింది.

"రజినినే అడగత్తా. ఇది నాది."