మరైగూడ బావిలో నాలుగు సెకన్లు

సంస్థానం వారు సగంలో ఆపేసిన మరైగూడ బావిని పూర్తి చేయించమని ఓవర్సీరు రాఘవుల్ని పంపారు. వచ్చీ రాగానే ఆయన చేయించిన మొదటి పని ఎర్రయ్యను తూకం వేయించడం. ఎర్రయ్య బావిలోకి దిగి రాయి కొట్టే మనిషి. చింతపండు బుట్టలు తూచే పెద్ద కాంటా తెప్పించి, ఒక పళ్ళెంలో అతన్ని కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో రాళ్ళు వేయిస్తుంటే ఊరు ఊరంతా పని మానుకుని చూసింది.

"ఇంకో రాయి ఎయ్యి సాబూ," అంది ఎర్రయ్య భార్య భద్రమ్మ. "పొద్దుగాల జావ తాగలే ఆయన."

రాఘవులు ఇంకో రాయి వేయించాడు.

బావి మీద రెండు గుంజల నడుమ అడ్డంగా ఒక లావుపాటి దుంగ ఉంది. దానికి మోకు చుట్టి, మోకు చివర గంప కట్టారు. దుంగకు ఒక పక్కన ఇనుప పిడి. బిజ్జా, భీమా అనే ఇద్దరు ఆ పిడి తిప్పుతూ ఎర్రయ్యను దింపుతారు, పైకి లాగుతారు. పిడి చేయి జారితే ఏమవుతుందో రాఘవులు కిందటేడు పామేడులో చూశాడు. హుంగా అనే మనిషికి రెండు కాళ్ళూ విరిగాయి. అతన్ని మంచం మీద మోసుకుపోతుంటే రాఘవులు వెనకాలే నడిచాడు. ఆయన చేయగలిగింది ఇంకేమీ లేకపోయింది. చదువుకునే రోజుల్లో తిరిగే చక్రాల లెక్కలు బోలెడు చేశాడు గానీ, వాటిలో ఏ చక్రానికీ మనిషి వేలాడుతూ లేడు.

ఎర్రయ్యంత బరువున్న రాళ్ళను గంపలో పెట్టించి, పిడి వదిలేయమన్నాడు. దుంగ మెల్లగా కదిలి, ఊపందుకుని, చివరికి పిడి కంటికి ఆనకుండా తిరిగింది. అడుగున పెద్ద చప్పుడైంది. రాఘవులు చేతిలోని జేబు గడియారంలో నాలుగు సెకన్లు గడిచాయి.

"గంప పోయింది," అన్నాడు ఎర్రయ్య.

రాఘవులు పుల్లతో నేల మీద లెక్క వేశాడు. బావి లోతు నలభై ఎనిమిది అడుగులు. దుంగ ఒక చుట్టు తిరిగితే మూడడుగుల మోకు వదులుతుంది. మొత్తం పదహారు చుట్లు. నాలుగు సెకన్లలో పదహారంటే సగటున సెకనుకు నాలుగు. దుంగ నిలకడ నుంచి మొదలై ఒకే తీరున వేగం పుంజుకుంది కాబట్టి చివరి వేగం సగటుకు రెట్టింపు, అంటే ఎనిమిది. సెకను సెకనుకూ వేగం రెండేసి చుట్లు పెరుగుతోందన్న మాట. మొదటి సెకనులో ఒక్క చుట్టు తిరిగింది, రెండోదాంట్లో మూడు, మూడోదాంట్లో ఐదు, నాలుగోదాంట్లో ఏడు. కూడితే పదహారూ సరిపోయాయి. రాఘవులుకి సంతోషం కలగలేదు.

మర్నాడు దుంగ పక్కన ఒక టేకు బద్ద బిగించాడు. దాని కొస నొక్కితే అది దుంగను రాసుకుని ఆపుతుంది. పిడి జారిన రెండు సెకన్లలో నొక్కితే నాలుగు చుట్లు పోయి పన్నెండు మిగులుతాయి, నిదానంగా ఆపవచ్చు. మూడో సెకను దాటితే తొమ్మిది పోయి ఏడే మిగులుతాయి, దుంగ అప్పటికే జోరు మీద ఉంటుంది. ఆ ఏడు చుట్లలో ఆపాలంటే వేగం దాదాపు నాలుగింతలు చురుగ్గా తగ్గాలి. బద్దకు అంత పట్టు లేదు. అందుకని బద్ద దగ్గర ఒక మనిషి పొద్దంతా కూర్చోవాలన్నాడు. చాలామంది ముందుకొచ్చారు. పొగాకు కోసం కూడా లేవకూడదనగానే వెనక్కి తగ్గారు.

"నేను కూసుంట సాబూ," అంది భద్రమ్మ. "గంపల ఉండేటోడు నా మొగడు."

"బద్ద మీద నుంచి చెయ్యి తియ్యకూడదు."

"తియ్య."

మూడో రోజు ఎర్రయ్య కొత్త గంపలో కూర్చుని అలా దిగాడో లేదో, పిడి శీల విరిగింది. పిడి ఊడి బిజ్జా చేతిలోకి వచ్చేసింది. రాఘవులుకి గడియారం చూడాలని కూడా తోచలేదు. చూసేసరికి దుంగ ఆగి ఉంది.

"ఏందే అది! నడుం ఇరిగింది!" బావిలోంచి ఎర్రయ్య అరిచాడు. "గట్ల ఆపుతరా ఎవరన్న?"

"నోరు మూసుకొని కూసో," అంది భద్రమ్మ, బద్ద మీద బోర్లా పడి.

అందరూ కలిసి మోకు లాగి అతన్ని పైకి తెచ్చారు. రాఘవులు దుంగను పరిశీలించాడు. అర చుట్టు మించి తిరగలేదు. అంత తొందరగా మనిషి కంటితో చూసి చెయ్యి కదపడం కష్టం.

"ఎప్పుడు నొక్కినవు?"

"నిన్నటి సంది కొంచెం నొక్కే ఉంచుతున్న సాబూ."

"గందుకేనా పిడి గంత బరువైంది!" అన్నాడు బిజ్జా భుజం రుద్దుకుంటూ. "దుంగకు దయ్యం పట్టిందనుకున్నం."

రాఘవులు నేల మీది లెక్కను కాలితో చెరిపేశాడు. బద్ద ఒరుసుకుంటుంటే వేగం సెకనుకు రెండేసి చుట్లు పెరగదు. ఆ అంకె ఇక చెల్లదు. ఆయన ఎవరూ చూడకుండా రాతి కుప్ప వెనక కాసేపు కూర్చున్నాడు.

ఎర్రయ్య ఇక దిగనన్నాడు. బతిమాలినా వినలేదు. కొత్త శీల వేశాక రాఘవులు చెప్పులు విప్పి, తనే గంపలో కూర్చున్నాడు. భద్రమ్మ బద్ద పట్టుకుంది. బిజ్జా, భీమా మూలుగుతూ పిడి తిప్పారు. పదహారు చుట్లు కిందికి, పదహారు పైకి. పైకొచ్చేసరికి ఓవర్సీరు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఊట పడ్డదా సాబూ?" అన్నాడు ఎర్రయ్య, ఆశగా.

"లేదు. చెమట."

ఎర్రయ్య కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తరవాత సుత్తి అందుకుని గంపలో కూర్చున్నాడు.