ఎర్రగీత, నీలంగీత

నేను ఒక రెండు మొనల పెన్సిల్ని. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. చెక్కను నిలువునా చీల్చి, గాడిలో రెండు రంగులూ చెరిసగం పెట్టి, జిగురుతో మూసి నన్ను తయారుచేశారు. మావాళ్లు చాలామంది ఆఫీసు ఫైళ్ల మీద టిక్కులు పెడుతూ అరిగిపోతారు. నా నుదుట మాత్రం ఒక విశ్వవిద్యాలయం తెలుగు శాఖ రాసిపెట్టి ఉంది.

నన్ను కొన్నది రామశేషయ్య మాస్టారు. తన దగ్గర పరిశోధనకి చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పేవారు: "ఎర్రగీత గీశావంటే ఒక్క అక్షరం మార్చకు, కొటేషన్ గుర్తుల్లో పెట్టు. నీలంగీత గీశావంటే పుస్తకం మూసెయ్. మూశాక నీ మాటల్లో రాయి. ఏ గీతకైనా అసలు మనిషి పేరు వెయ్యాల్సిందే." నాకు నవ్వొచ్చేది. మనుషులు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎవరో అన్న మాటలే అంటుంటారు, ఒక్కరి పేరూ చెప్పరు. కాగితం దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని పట్టింపు.

మాస్టారు నన్ను మొదట వకుళకి ఇచ్చారు. చావింట్లో ఆడవాళ్లు ఏడుస్తూ పాడే పాటల మీద ఆమె పరిశోధన. ఊళ్లు తిరిగి ఏడు నోటుబుక్కులు నింపింది. చూపుడువేలు గాల్లోకి ఎత్తి, మిగతా వేళ్లతో నన్ను పట్టుకునేది. సిద్ధాంతగ్రంథం మొదలుపెట్టకుండానే కామెర్లతో పోయింది. నోటుబుక్కులతో పాటు నన్నూ బీరువాలో పెట్టేశారు. ఇరవై రెండేళ్లు అక్కడే పడి ఉన్నాను.

ఆ బీరువా మళ్లీ తెరిచింది హైమ, అదే పాటల మీద పనిచేస్తున్న మరో పరిశోధకురాలు. నాలుగేళ్లు కష్టపడింది, గడువు ఇంకో నెల. వేరేవాళ్ల మాటని తన మాటగా రాసిందని తేలితే పట్టా రాదు, పరువూ దక్కదు. జాగ్రత్త గల పిల్ల. వకుళ వాక్యం కింద నీలంగీత గీసేది, పుస్తకం మూసేది, కాసేపు కిటికీలోంచి చూసి అప్పుడు రాసేది.

మూడో అధ్యాయం చేతికిస్తే, మాస్టారు వకుళ నోటుబుక్కు పక్కన పెట్టుకుని చదివారు. అక్షరం తేడా లేదు.

"చూసి రాశావా అమ్మా?"

"లేదు సార్. పుస్తకం మూసే రాశాను."

ఆరో నోటుబుక్కులో చెమ్మకి అంటుకుపోయిన రెండు పేజీలున్నాయి. మాస్టారు వాటిని బ్లేడుతో విడదీశారు. అంతవరకూ ఎవరూ తెరవని ఆ పేజీలు కూడా హైమ అధ్యాయంలో పొల్లుపోకుండా ఉన్నాయి. నాకు భయం వేసింది. ఆ అధ్యాయం మొదలుపెట్టిన వారం నుంచీ హైమ కూడా నన్ను చూపుడువేలు ఎత్తి పట్టుకుంటోంది.

మాస్టారు మంచినీళ్లు తాగి, నెమ్మదిగా అన్నారు. "అన్నిటికీ ఎర్రగీత గీసి, కొటేషన్ గుర్తులు పెట్టి, వకుళ పేరు వెయ్యి. అప్పుడు ఎవరూ తప్పుపట్టరు. కానీ నీదంటూ ఒక్క మాటైనా ఉండాలి కదా. ఈ పని ఎందుకు ఎత్తుకున్నావో ఇక్కడే రాయి. అది ఏ పుస్తకంలోనూ ఉండదు."

హైమ నాతోనే రాసింది, నీలం కొసతో. "మా అమ్మ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఎలా ఏడవాలో నేర్చుకుందామని ఇన్ని ఊళ్లు తిరిగాను."

మాస్టారు కళ్లజోడు తీసేశారు. ఆ మాట ఏ నోటుబుక్కులోనూ లేదు. వకుళ ఒకసారి ఇదే గదిలో ఆయనతో అన్నది, ఆయన ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నేను ఈ బల్ల మీదే ఉన్నాను.

ఇంతలో వరండాలో చెప్పుల చప్పుడు. హైమ తల్లి సుభద్రమ్మ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే, రెండు దాటింది. తిండి ధ్యాస ఉందా నీకు?"

హైమ మర్యాదగా లేచి నిలబడింది. "ఎవరు కావాలండీ?"

సుభద్రమ్మ ముందు నవ్వింది. తర్వాత మాస్టారి వైపు చూసింది. ఆయన హైమ వేళ్ల మధ్య నుంచి నన్ను తీసుకోబోయారు, గట్టిగా లాగితే గానీ రాలేదు. ముప్పై ఏళ్లుగా ఏది ఎవరి మాటో పిల్లలకి నేర్పిన మనిషి, ఆ ప్రశ్న ఎవరిదో తేల్చుకోలేక నన్ను సొరుగులో పడేసి తాళం వేశారు. చీకట్లోకి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. సుభద్రమ్మ కన్నకూతురికి తన పేరు చెప్పుకుంటోంది.