మందేసినారా

సూసన్న చీపురు మంచం కిందకు దూర్చింది. రోజూ ఆ చీపురు కొస పట్టుకుని వేలాడే కుక్కపిల్ల మోమో ఇవాళ గోనెపట్టా మీద నుంచి లేవలేదు. తోకను ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకుంది. ఒళ్ళంతా చిక్కిపోయి, పొట్ట మాత్రం బుంగలా ఉబ్బింది.

ప్రేమ్ బజార్‌లోని ఆ గది సుహాస్, దీక్షిత్ అనే ఇద్దరు విద్యార్థులది. వానలో వణుకుతున్న దాన్ని తెచ్చుకున్నదీ వాళ్ళే. కడుపులో పురుగులు పోవడానికీ, దోమకాటుతో గుండెలోకి పురుగులు చేరకుండానూ నెలనెలా బిళ్ళ వెయ్యమని పశువుల డాక్టరు చెప్పినప్పుడు, మోమో సూసన్న ఒళ్ళోనే ఉంది. అప్పటినుంచీ నెల తిరిగినప్పుడల్లా పనికి రాగానే ఆమె అడిగే మాట ఒక్కటే.

"మందేసినారా బాబూ?"

"వేశాం ఆంటీ, రాత్రే, ఫుల్లుగా," అన్నాడు సుహాస్ దుప్పట్లోంచి. దీక్షిత్ పకపకా నవ్వాడు. ఎప్పుడూ అలాగే నవ్వుతారు. కుర్రాళ్ళు కదా అనుకునేది.

చీపురు వెంట ఒక ఖాళీ సీసా దొర్లుకొచ్చింది. దాని వెనకే దుమ్ముపట్టిన బిళ్ళల అట్ట. బిళ్ళలన్నీ అలాగే ఉన్నాయి.

ఆ నవ్వు ఎందుకో అప్పుడు తెలిసింది. జీతం రోజున రైల్వే వర్క్‌షాపు నుంచి ఊగుతూ వచ్చిన మొగుడు గుమ్మంలోనే అనేవాడు, "కొంచెమే ఏసినానే." ఆ కొంచెమే అతన్ని సమాధుల తోటకు చేర్చింది.

"నేనడిగింది దీని మందురా!" ఎన్నడూ బాబూ అని తప్ప పిలవని మనిషి అరిచింది. "నోరు లేందానికి ఎయ్యాల్సింది మంచం కింద పారేసి, మీరేసుకున్నది నాకు సెప్పి నవ్వుతారేటి? నా మొగుణ్ణి తినేసిన మాటరా అది!"

దీక్షిత్ లేచి కూర్చున్నాడు. "సారీ ఆంటీ, మర్చిపోయాం. పొట్ట చూసి లావెక్కిందనుకున్నాం. క్లాసయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం."

"కలాసు! ఎల్లి సదువుకోండి, బాగా సదువుకోండి."

మోమోను కొంగులో చుట్టుకుని, అట్ట పిడికిట్లో బిగించి, వీధిలో టోటో రిక్షా ఎక్కింది.

"జల్దీ సలో దాదా, పశువుల ఆస్పత్రికి."

దాని చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. నోటికి వేలు అందిస్తే అలవాటుగా పట్టుకుంది. కొంత దూరం పోయాక ఆ పాలపళ్ళ పట్టు సడలింది. ఆమె వేలు తియ్యలేదు. ఆస్పత్రి గేటు కనిపించినప్పుడు మెల్లగా అంది, "ఇంకెందుకు దాదా. ఎనక్కి తిప్పు."

ఇంటి వెనక జామచెట్టు పక్కన తనే తవ్వి పాతిపెట్టింది. మధ్యాహ్నం గదికి వెళ్ళేసరికి వాళ్ళు లేరు. తన దగ్గరి తాళంచెవితో తీసి, సగం ఊడ్చిన గది పూర్తిగా ఊడ్చింది. తాళంచెవి మేకుకు తగిలించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

బల్ల మీద, రాత్రి కడగని రెండు గ్లాసుల మధ్య, ఆమె పిడికిలి వంపు తిరిగిన ఆ బిళ్ళల అట్ట.