విమానం చల్లిన పొలి

పద్మనాభయ్య పక్కన కూర్చోవడమే ఒక శిక్ష. అలాంటిది ఆయన తొడ నా తొడకు ఆనించి, ఆయన చెమటా సెంటూ కలిసిన వాసన పీలుస్తూ, పిట్టగూడంత విమానంలో ఆకాశానికి ఎగరాల్సి వచ్చిందంటే నేను పూర్వజన్మలో ఏదో ఘోరమే చేసుండాలి. విమానం ఆయనది కూడా కాదు. మద్రాసులో మైకా వ్యాపారం చేసే వియ్యంకుడిది. దాన్ని వెంకటాచలం దగ్గర బీడులో దింపించి, సొంతానికి కొన్నంత గొప్పగా రెక్క మీద చెయ్యేసి నిలబడ్డాడు.

నేను రెవిన్యూ ఇన్‌స్పెక్టరుని. పేరు హజరత్తయ్య. తోటపల్లి గూడూరు వైపు, సముద్రానికి దగ్గరగా, ఒకప్పుడు ఉప్పు బస్తాలు మోసిన రైలు తాలూకు పాత కట్ట ఒకటుంది. యుద్ధం రోజుల్లో పట్టాలూ దుంగలూ పీక్కుపోయారు. మిగిలింది ఎర్రమట్టీ కంకరా పోసిన ఎత్తైన కట్ట. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లున్న ఈ పద్మనాభయ్యకు ట్రంకురోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టు దొరికింది. ఆ కట్టను తవ్వి రోడ్డుకు తోలుకుంటే పెట్టుబడి లేకుండా పని అయిపోతుంది. కట్ట మీద ఊరేదీ లేదని నేను చూసి రాస్తే చాలు.

ఊరుంది. మొన్నటి తుఫానుకు సముద్రం పల్లెపాలెంలోకి వచ్చేస్తే, ఈ కట్ట ఎక్కినవాళ్ళే బతికారు. దిగడానికి కింద ఏమీ మిగల్లేదు కనుక అక్కడే గుడిసెలు వేసుకున్నారు. కట్టను తవ్వేస్తే మళ్ళీ నీళ్ళొచ్చిన రోజు వాళ్ళు ఎక్కి నిలబడడానికి జానెడు ఎత్తు నేల ఉండదు. ఈ సంగతి పద్మనాభయ్యకూ తెలుసు. నడిచి వెళ్ళి చూద్దామంటే ముక్కు మూసుకున్నాడు. చేపల కంపు, దొడ్డికి కూర్చున్న కంపు, అక్కడ కాలు పెట్టలేమన్నాడు. పైనుంచి చూస్తే కంపు తగలదట.

పైకి లేచాక మాత్రం, ఒప్పుకోవాలి, చూడ్డానికి బాగుంది. వరిమళ్ళు, ఉప్పుమళ్ళు, సరుగుడు తోపులు. వాటి నడుమ కట్ట కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. ఒకచోట వంతెన కూలిపోయి, దాని స్తంభాలు మాత్రం కాలువ నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఎంతమంది ఎన్ని తట్టలు మోసి పోశారో అనుకుంటూ ఉన్నాను. పక్కన ఈయన పులిహోర పొట్లం విప్పాడు.

తిన్నంత తిని, వేళ్ళు నాకి, ఆ చేతినే సీటుకు తుడిచి, తాంబూలం బిగించాడు. నోరు నిండాక కిటికీ తెరిచి ఉమ్మబోయాడు. గాలి ఊరుకుంటుందా? సగం తిరిగొచ్చి ఆయన జరీ కండువా మీద, సగం నా చొక్కా మీద పడింది. వెచ్చగా తగిలింది. ఆయన నవ్వి, ఈసారి తెలివిగా మిగిలిన పులిహోరలోనే ఉమ్మడం మొదలుపెట్టాడు. ఉమ్మినప్పుడల్లా పసుపన్నం ఎర్రబడుతోంది. ఆ ఆకును ఒళ్ళో పెట్టుకునే నాతో కంకర సంగతులు మాట్లాడాడు.

ఇంతలో గుడిసెలు వచ్చాయి. కట్ట పొడుగునా తాటాకు కప్పులు, ఆరేసిన వలలు. చప్పుడు విని జనం బయటికి పరుగెత్తుకొచ్చారు. తుఫాను తర్వాత ఇలాంటి విమానమే అన్నం పొట్లాలు వేసి పోయింది. అది గుర్తున్న ఆడవాళ్ళు కొంగులు పట్టి నిలబడ్డారు.

"మనుషులుండారు గదండీ. ఇది ఊరే," అన్నాను.

"పేరు లేని ఊరేందయ్యా? నేలా పోరంబోకే, మనుషులూ పోరంబోకే. గుడిసెలని రాయి, లేపేస్తారు."

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది. గుడిసెలని రాస్తే ఆక్రమణ కింద ఒక్క పూటలో లేపేస్తారు. పేరూ పొలిమేరా ఉన్న ఊరైతే విచారణ జరగాలి, కలెక్టరు దాకా పోవాలి. కింద వాళ్ళు ఇంకా కొంగులు దించలేదు. పద్మనాభయ్య వాళ్ళని చూసి, ఇంద తినండని నవ్వుతూ, ఒళ్ళోని ఆకును అలాగే కిటికీలోంచి విసిరేశాడు. ఆకు విడిపోయి మెతుకులు గాలికి చెదిరి కట్ట మీద రాలాయి. పైలట్ మాకు బాగా చూపిద్దామని గుడిసెల చుట్టూ ఒక చుట్టు తిప్పి వెనక్కి మళ్ళించాడు. కింద జనం వంగి ఏరుకోవడం కనిపించి, తల తిప్పేసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ చొక్కాను చాకలికి వెయ్యలేదు, పొయ్యిలో పెట్టాను.

మర్నాడు సైకిలేసుకుని కట్ట మీదికి పోయాను. పద్మనాభయ్య చెప్పిన కంపులన్నీ నిజమే. ముక్కుకు రుమాలు మాత్రం కట్టుకోలేదు. అంతకంటే ఘోరమైనది ముందురోజే పీల్చి ఉన్నాను. గుడిసెల మొదట్లో కొత్తగా ఒక రాయి పాతి ఉంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన వేపమండ గుచ్చారు. నాగులమ్మ అనే ముసలామె దానికి దణ్ణం పెట్టుకుంటోంది. ఏమిటని అడిగాను.

ఆమె చెప్పిన సంగతి ఇదీ. పోలేరమ్మ జాతరలో కుంకుమ కలిపిన ఎర్రటి అన్నాన్ని ఊరి చుట్టూ తిరుగుతూ చల్లుతారు. దాన్నే పొలి అంటారు. అది పడినంత మేర ఊరు. అది దాటి ఏ ముప్పూ లోపలికి రాదని నమ్మకం. నిన్న విమానం తమ చుట్టూ తిరిగి ఎర్రన్నం చల్లిపోయిందట. తినడానికైతే పొట్లాలు కట్టి వేసేవారు, ఇది తినేది కాదు, పొలే అని వాళ్ళ పెద్దమనిషి చిన్నపోలయ్య తేల్చాడట. మెతుకులు ఎవరూ తొక్కకుండా ఏరి, కళ్ళకద్దుకుని, ఆ రాయి కింద పెట్టి పూడ్చారట.

"పాతవూరు మునిగినాక మాకు పొలిమేర లేకుండా పోయినాది," అంది నాగులమ్మ. "ఇప్పుడు సర్కారోళ్ళే వచ్చి పొలి జల్లినారు. ఇంక ఇది ఊరే గదా అయ్యా?"

ఆ ఎర్రన్నం ఏమిటో చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే ఆ రాయిని వాళ్ళే పీకి పారేస్తారు.

"ఊరే," అన్నాను.

"అట్టయితే పేరు కావాల గదా. పొలి జల్లిన దొర పేరే పెట్టుకుందామంటుండాడు చిన్నపోలయ్య. ఆయన పేరేందయ్యా?"

ఇంకేదైనా పేరు చెప్పొచ్చు. తుఫానులో పోయినవాళ్ళలో ఎవరి పేరైనా ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది. కానీ పద్మనాభయ్య సంగతి నాకు తెలుసు. ఇంకా కట్టించని సత్రానికి ముందే పాలరాతి మీద పేరు చెక్కించి పెట్టుకున్న మనిషి. తన పేరున్న ఊరిని తనే తవ్వి రోడ్డుకు పోసుకున్నాడని నలుగురూ నవ్వితే భరించలేడు. వేరే పేరుతో ఈ కట్ట నిలవదు. అయినా నా నాలుక ఒప్పుకోవడం లేదు. బతికి బయటపడ్డ ఇంతమంది రేపట్నుంచి తమ ఊరేదంటే ఆ పేరు చెప్పుకోవాలి.

"పద్మనాభపురం," అన్నాను.

నాగులమ్మకు నోరు తిరగలేదు. మళ్ళీ మళ్ళీ అని చూసుకుని, గుడిసెల వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. వాళ్ళంతా బయటికొచ్చారు. ఆ మహానుభావుడుండేది ఎటుపక్క అని చిన్నపోలయ్య నన్నడిగాడు. పడమర చూపించాను. అందరూ అటు తిరిగి దణ్ణం పెట్టారు.